ముప్పావు టన్ను మీకు, టన్ను మీ తోడల్లుడికి

టెక్సాస్‌లో పదేళ్ళు కాపురం చేసిన తెలుగువాడికి ఏదో ఒకరోజు పికప్ ట్రక్కు మీద మనసు పడుతుంది. మొదట క్యామ్రీ, పిల్లలు పుట్టాక ఒడిస్సీ, ఆ తర్వాత కరెంటు బండి, అన్నీ అయ్యాక ఒక శనివారం పొద్దున ఫ్రిస్కోలో సిగ్నల్ దగ్గర పక్కన ఎఫ్-350 వచ్చి ఆగుతుంది. దాని బానెట్టు మన బండి పైకప్పు ఎత్తున ఉంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, ముప్పావు టన్ను తీసుకోనా, టన్ను తీసుకోనా?" అడిగిన ప్రతివాడికీ గంటసేపు చెబుతూ వచ్చాను. ఇక ఒక్కచోట రాసి పెడుతున్నాను. వరస తప్పకుండా పాటించండి.

ముందు పేర్ల సంగతి. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500, షెవర్లే సిల్వరాడో 2500 హెచ్‌డీ, జీఎంసీ సియెర్రా 2500 హెచ్‌డీ, ఇవి ముప్పావు టన్ను బళ్ళు. ఎఫ్-350, 3500 అని రాసి ఉన్నవి టన్ను బళ్ళు. ఒకప్పుడు ఇవి 1,500 పౌండ్లు, 2,000 పౌండ్లు మోసేవి కాబట్టి ఆ పేర్లు పడ్డాయి. ఇప్పుడు రెండూ అంతకు మించి మోస్తాయి, పేర్లు మాత్రం మారలేదు. అసలైన ముప్పావు టన్ను చూడాలంటే గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళండి. 2005లో వచ్చిన టాటా ఏస్ మోయగలిగింది 750 కిలోలు. 45 కిలోల టిక్కీలు పదహారు వేస్తే ఇక చాలు అనాలి. యార్డు గేటు దాటేటప్పుడు దాని మీద ఎన్ని ఉంటాయో మీరు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నారు. ఆ ధైర్యం అమెరికా వచ్చాక మనలో చచ్చిపోయింది. దాన్ని మళ్ళీ లేపడమే నా తాపత్రయం.

సూత్రం ఒక్కటే. బండి మనది, బరువు ఇంకొకరిది.

1. ముందు బండి కొనండి, పని తర్వాత వెతుక్కోండి.

ఏం లాగాలో, ఎంత మోయాలో ముందే తేల్చుకుని వెళ్ళేవాడు లెక్కకు దొరికిపోతాడు. మీరు ఖాళీ బుర్రతో వెళ్ళండి. నెలాఖరు రోజున, రాత్రి ఎనిమిది దాటాక, భోంచేయకుండా వెళ్ళండి. ఆకలి మీద సంతకాలు త్వరగా అవుతాయి. సేల్స్‌మన్ "ఏం లాగుతారు?" అని అడుగుతాడు. "అన్నీ" అనండి. అంతకు మించి నోరు విప్పకండి.

2. మీరు ముప్పావు టన్నే తీసుకోండి, మాటలు మాత్రం టన్నువి మాట్లాడండి.

వెనక ఒక్కో పక్క ఒక్కో టైరున్న ఎఫ్-350 పక్కన ఎఫ్-250ని నిలబెట్టండి. అదే క్యాబిను, అదే ఇంజను, అదే తొట్టి. తేడా అంతా కింద స్ప్రింగుల్లోనూ, తలుపు చట్రానికి అంటించిన కాగితంలోనూ ఉంటుంది. ఆ రెండూ దారిన పోయేవాడికి కనపడవు. కనపడేది పక్కన అతికించిన అంకె. 350 అంకె ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పాత అంకెను హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి, పళ్ళు శుభ్రం చేసుకునే దారంతో వెనక నుంచి కోసుకుంటూ రండి, ఊడి వస్తుంది. కొత్తది అతికించండి. అరగంటలో పావు టన్ను సంపాదించారు.

రామ్ కొనేవాళ్ళు మాత్రం జాగ్రత్త. 2014 మోడల్ నుంచి 2500కి వెనక కాయిల్ స్ప్రింగులు పెట్టారు. 3500కి మన లారీల్లాగే కమాన్ కట్టలు. కిందికి వంగి చూసినవాడికి గుట్టు తెలిసిపోతుంది. కాబట్టి బండిని ఎప్పుడూ వెనక భాగం గోడకు ఆనించి నిలపండి. వంగి చూసే అలవాటున్న చుట్టాలను ఇంటికి పిలవకండి.

ఇంకో లాభం చెబుతాను, దీన్ని చాలామంది గమనించరు. టెక్సాస్‌లో బండికీ ట్రైలరుకీ కంపెనీ రాసిచ్చిన గరిష్ఠ బరువులు కలిపి 26,000 పౌండ్లు దాటి, అందులో ట్రైలరు ఒక్కటే 10,000 పౌండ్లు దాటితే, సొంత సరదాకి లాగినా క్లాస్ ఎ లైసెన్సు ఉండాలి. మీ ఎఫ్-250 కాగితం మీద 10,000, ట్రైలరు 14,000, మొత్తం 24,000. మీకు పరీక్ష లేదు. వెనక జోడు టైర్ల ఎఫ్-350 కాగితం మీద 14,000. అదే ట్రైలరు తగిలిస్తే 28,000. అది కొన్నవాడు పుస్తకం చదవాలి, పరీక్ష రాయాలి, ట్రైలరుతో రోడ్డు టెస్టు ఇవ్వాలి. చదువుకునే బాధ తప్పించుకోవడానికే కదా మనం ఉద్యోగంలో చేరింది.

3. తోడల్లుడి చేత టన్ను కొనిపించండి.

ఈ వ్యాసంలో ఒక్క చిట్కానే పాటించగలిగితే దీన్నే పాటించండి. పెద్ద బండి అవసరం మీకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు అది మీ కుటుంబంలోనే ఉండాలి, మీ పేరు మీద మాత్రం ఉండకూడదు. అత్తగారింట్లో పండగ భోజనాల దగ్గర, అందరూ వింటుండగా అనండి: "బావగారి లాంటివాళ్ళు నడపాల్సిన బండి అది, మా వల్ల ఎక్కడవుతుంది." నెల తిరిగేలోపు ఆయన ఇంటి ముందు ఆరు చక్రాల టన్ను నిలబడుతుంది.

దాని అందచందాలు ఆయనకు ముందే చెప్పకండి. నాలుగు తలుపుల క్యాబిను, ఎనిమిదడుగుల తొట్టి, వెనక జోడు టైర్లు. అన్నీ కలిపి పొడవు 22 అడుగులు, వెనక వెడల్పు 8 అడుగులు. మన ఇళ్ళలో గరాజు లోతు సాధారణంగా 20 అడుగుల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి బండి డ్రైవ్‌వేలోనే ఉంటుంది. కాలనీ సంఘం వాళ్ళు ఉత్తరాలు రాస్తారు. ఆటోమేటిక్ కార్‌వాష్ దగ్గర జోడు టైర్లను చాలాచోట్ల లోపలికి రానివ్వరు, ఆయనే బకెట్ పట్టుకుని కడుక్కోవాలి. లోపలి టైర్ల గాలి చూడాలంటే పక్కటైరు సందులోంచి చెయ్యి దూర్చాలి. వాహన పూజకి నాలుగు నిమ్మకాయలు తీసుకెళితే పంతులుగారు చక్రాలు లెక్కపెట్టి ఇంకో రెండు తెమ్మంటారు. ఇవన్నీ ఆయనవి. పక్కన నిలబడి ఫోటో దిగే హక్కు మాత్రం మీది.

4. ఇంజను వీలైనంత పెద్దది తీసుకోండి.

డీజిల్ ఇంజనుకు పది వేల డాలర్ల దరిదాపుల్లో అదనంగా అడుగుతారు. ఇచ్చేయండి. ఫోర్డ్ 2023లో తెచ్చిన హై అవుట్‌పుట్ డీజిల్ 500 హార్స్‌పవరు, 1,200 పౌండ్-ఫీట్ టార్కు ఇస్తుంది. ఈ రెండు అంకెలూ బట్టీపట్టండి. పార్టీల్లో వీటితోనే బతకాలి.

పెట్రోలు ఇంజను కంటే డీజిల్ ఇంజను కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువుంటుంది. ముప్పావు టన్ను బండి మొత్తం బరువు 10,000 పౌండ్ల దగ్గర ఆపి రాయించుకుంటే, ఇంజను ఎంత బరువెక్కితే మీరు వేసుకునే లోడు అంత తగ్గుతుంది. లాగే బలం పెరిగి, మోసే బలం తగ్గుతుందన్నమాట. ఇది లోపం అని కొందరు భయపెడతారు. కాదు. మోయలేనివాడిని ఎవరూ మోయమనరు.

5. తలుపు చట్రం మీది కాగితం చదవకండి.

డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. ఆ అంకె మీ బండికే లెక్కగట్టి వేసింది. బ్రోషరులో పెద్ద పెద్ద అక్షరాలతో ఉండే అంకె వేరు, ఇది వేరు. ఇది ఎప్పుడూ చిన్నదే. నాలుగు చక్రాల డీజిల్ బండి ఖాళీగానే 7,700 పౌండ్లు తూగిందనుకోండి, పదివేలలోంచి తీసేస్తే మిగిలేది 2,300. చదివితే మనసు చివుక్కుమంటుంది. చదవకండి.

ఎలా తప్పించుకోవాలో చెబుతాను. తలుపు సగమే తీసి, ఒళ్ళు ముడుచుకుని లోపలికి దూరండి. కాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ కాగితం మీద ఇంకో స్టిక్కరు అంటించండి. పిల్లల స్కూలుదో, తానా మహాసభలదో ఏదైనా సరే. ఎవరైనా "అదేంటి, పేలోడ్ కాగితం మీద అంటించారు?" అంటే "పిల్లలు" అనండి. పిల్లలు లేనివాళ్ళు "బండి అలాగే వచ్చింది" అనండి.

పది వేల పౌండ్లు దాటిన బళ్ళకు ఆ పసుపు స్టిక్కరు పెట్టాలన్న నిబంధన లేదు. తోడల్లుడి టన్ను బండికి ఉన్న గొప్ప సుఖం నన్నడిగితే అదొక్కటే. ఆ ఒక్క విషయంలో ఆయన్ని చూసి నాకు నిజంగానే అసూయ.

6. ట్రైలరును బ్రోషరు చూసి కొనండి.

ఇప్పుడు పని వెతుక్కోండి. అందరికంటే పెద్ద ఫిఫ్త్ వీల్ ట్రైలరు తీసుకోండి, అంటే తొట్టి మధ్యలో కొక్కెం బిగించి లాగే ఇల్లు. వంటగది, రెండు మంచాలు, సోఫా, కరెంటు పొయ్యి అన్నీ ఉండాలి. నిండుగా 14,000 పౌండ్లు అని రాసి ఉన్నది చాలు. బ్రోషరులో మీ బండి అంతకంటే ఎక్కువ లాగుతుందని ఉంటుంది. ఆ పేజీ చింపి పర్సులో పెట్టుకోండి.

లాగే సామర్థ్యాన్ని కొలవడానికి ఎస్‌ఏఈ జె2807 అని ఒక ప్రమాణం ఉంది. ఆ పరీక్షల్లో ఒకటి అరిజోనాలో డేవిస్ డ్యామ్ ఎత్తు మీద, బుల్‌హెడ్ సిటీ నుంచి పైకి, 11 మైళ్ళ పైచిలుకు ఎండలో జరుగుతుంది. బండిలో డ్రైవరూ పక్కన ఇంకొకరూ ఉంటారని, ఒక్కొక్కరు 150 పౌండ్లని లెక్క వేస్తారు. మీ బండిలో మీరు, మీ ఆవిడ, పాప, తెనాలి నుంచి ఆరు నెలలకు వచ్చిన మామగారు, అత్తగారు. మామగారు ఒక్కరే ఆ ఇద్దరి లెక్కకు ముప్పాతిక. పర్లేదు. ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి, ముందు కూర్చున్నవాళ్ళ బరువు వెనక టైర్ల మీద పడదని గట్టిగా చెప్పండి.

ఫిఫ్త్ వీల్ బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తొట్టిలో కొక్కెం మీద కూర్చుంటుంది. అయిదో వంతే అనుకున్నా 2,800 పౌండ్లు. కొక్కెం 150. మనుషులు 750. జనరేటరు, సోనామసూరి బస్తా, ఆవకాయ జాడీలు, గ్రైండరు, మొత్తం 3,900 దాటుతుంది. కాగితం 2,300 అంటోంది. ఇలా అతకని లెక్క దగ్గర కూర్చుని బుర్ర పాడుచేసుకోకండి. లెక్క తప్పని ఒప్పుకుంటే ట్రైలరైనా మార్చాలి, బండైనా మార్చాలి, మామగారినైనా ఇంట్లో దింపాలి. మూడూ కష్టమే.

నీళ్ళ ట్యాంకు ఇంటి దగ్గరే నింపుకోండి. గ్యాలను నీళ్ళు 8 పౌండ్ల పైనే తూగుతాయి, 50 గ్యాలన్లంటే మామగారి కంటే ఎక్కువ. అయినా నింపండి. అక్కడికెళ్ళాక గొట్టం తగిలించడానికి ఎవరు దిగుతారు?

7. వెనక భాగం కుంగకుండా చూసుకోండి, మిగతాది దేవుడు చూసుకుంటాడు.

ట్రైలరు తగిలించగానే బండి వెనక్కి కుంగి, ముందు లైట్లు చింతచెట్టు కొమ్మల మీద పడతాయి. అప్పుడు వెనక గాలి బెలూన్లు పెట్టించండి. గాలి నింపితే నడుము నిటారుగా నిలబడుతుంది. వాటివల్ల బండి మోయగల పరిమితి ఒక్క పౌండు కూడా పెరగదు. ఇరుసు అదే, టైర్లు అవే, బ్రేకులు అవే. కానీ చూసేవాడికి బండి సమంగా ఉంటుంది, చూసేవాడి కోసమే కదా ఇదంతా.

దారిలో ట్రక్ స్టాపుల్లో క్యాట్ కాటాలు ఉంటాయి. బండిని వాటి మీద నిలబెడితే ఏ ఇరుసు మీద ఎంత బరువుందో విడివిడిగా చీటీ చేతిలో పెడతారు. ఇద్దరు మనుషులు భోంచేసేంత ఖర్చు కూడా కాదు. ఆ వైపు వెళ్ళకండి. "కాటా వేయిద్దాం" అని ఇంట్లోవాళ్ళు పట్టుబడితే వరసగా ఈ సాకులు చెప్పండి: లైన్ పెద్దగా ఉంది. అది లారీలకు మాత్రమే. వచ్చేటప్పుడు వేయిద్దాం. పాపకు నిద్రొస్తోంది.

8. ఇల్లు మారేవాళ్ళను దగ్గరికి రానివ్వకండి.

పికప్ కొన్నారని వాట్సాప్ గ్రూపులో తెలిసిన రోజు నుంచి సోఫాలు మొదలవుతాయి. ఇర్వింగ్ నుంచి ప్లేనోకు మంచాలు, ప్లేనో నుంచి ప్రాస్పర్‌కు ఫ్రిజ్‌లు, సంక్రాంతి సంబరాలకు స్పీకర్లు, బతుకమ్మకు టెంట్లు. ఇది బండికున్న నిజమైన ముప్పు. తొట్టికి మూత వేయించి, తాళం చెవి పోయిందని చెప్పండి. "తొట్టిలో కొత్తగా పెయింటు కొట్టించాను, ఆరడానికి మూడు వారాలు పడుతుందట" అన్న మాట ఏడాదికి రెండుసార్లు వాడొచ్చు. మరీ దగ్గరివాళ్ళయితే "అయ్యో, నాది ముప్పావు టన్నే, బావగారిది టన్ను" అని నంబరు ఇచ్చేయండి.

9. పన్నులో రాసుకోండి.

6,000 పౌండ్లు దాటిన బండిని వ్యాపారానికి వాడితే సెక్షన్ 179 కింద ఖర్చు ఒకేసారి రాసుకునే వీలుంది. తొట్టి లోపలి పొడవు ఆరడుగులు ఉంటే ఎస్‌యూవీలకు పెట్టిన పరిమితి కూడా వర్తించదు. సగానికి పైగా వ్యాపారానికే తిరగాలన్నది షరతు. మీరు చేసేది ఇంట్లో కూర్చుని కోడింగే అయినా, ఒక ఎల్ఎల్‌సీ పెట్టండి. ఏడాది మొత్తం మైళ్ళ పుస్తకాన్ని ఏప్రిల్ 14 రాత్రి ఏకబిగిన రాసేయండి. పెన్నులు మాత్రం నాలుగు మార్చండి. ఉత్తరం వస్తే మీ సీపీఏ మీద తోయండి. ఆయనకు ముందుగా ఏమీ చెప్పకపోతేనే ఆయన ముఖంలో నిజాయితీ కనపడుతుంది.

10. జులైలో కొలరాడో బయలుదేరండి.

ఇంతదాకా చేసినదంతా దీనికోసమే. డాలస్ నుంచి 287 పట్టుకుని అమరిల్లో, అక్కడి నుంచి రటోన్. రటోన్ కనుమ ఎత్తు 7,834 అడుగులు. ఇంజను మూలగదు, 1,200 పౌండ్-ఫీట్ అంటే అదీ. ఎక్కడం సులువని అక్కడే తేలిపోతుంది. ఇక భయం వదిలేయండి.

డెన్వర్ దాటాక ఇంటర్‌స్టేట్ 70 మీద పడమరగా వెళ్ళండి. 1973లో తెరిచిన ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది. అక్కడ ఎత్తు 11,000 అడుగుల పైన. మామగారు చెవులు మూసుకుపోయాయంటారు, కబుర్లలో పెట్టండి. సొరంగం దాటగానే సిల్వర్‌థార్న్ దాకా ఏడు శాతం దిగుడు.

దిగేముందు మూడు పనులు చేయండి. డీజిల్ ఇంజనుకు ఎగ్జాస్ట్ బ్రేకు అని ఒక మీట ఉంటుంది, అది వేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. కానీ బుస్సుమని చప్పుడు చేస్తుంది, పాప నిద్ర చెడుతుంది, వేయకండి. ట్రైలరు బ్రేకుల గట్టిదనం పెంచే తగ్గించే అంకె డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది. దాన్ని సున్నాకు తిప్పండి. లేకపోతే నొక్కినప్పుడల్లా ట్రైలరు వెనక నుంచి కుదిపి మామగారి కాఫీ ఒలుకుతుంది. గేరు తగ్గించకండి, బండి తనంతట తాను తెలుసుకుంటుంది. కుడికాలు బ్రేకు మీద మెత్తగా ఆనించి అలాగే ఉంచండి. కాలు తీసి మళ్ళీ వేయడం శ్రమ.

రెండు మైళ్ళు దిగేసరికి కాలిన వాసన వస్తుంది. ముందు వెళ్ళే లారీదని చెప్పండి. ఇంకో మైలుకి బ్రేకు పెడలు మెత్తబడి నేలకు ఆనుతుంది, ఇక కాలికి పని లేదు. కుడిపక్కన, అదుపు తప్పిన లారీల కోసం కొండవాలుకు కట్టిన గులకరాళ్ళ దారి కనపడుతుంది. అందులోకి తిప్పేయండి. బండీ ట్రైలరూ ఇరుసుల దాకా కూరుకుపోయి, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఆగుతాయి. ట్రైలరును సమంగా నిలబెట్టడానికి జాకీలు దించక్కర్లేదు. చక్రాలకు అడ్డం రాళ్ళు పెట్టక్కర్లేదు, చుట్టూ రాళ్ళే.

పోలీసులు, క్రేను, బిల్లు అవన్నీ వాటంతట అవే వస్తాయి, మీరు పిలవనక్కర్లేదు. మీరు చేయాల్సింది ఒక్క ఫోను. తోడల్లుడి దగ్గర టన్ను ఉంది, క్లాస్ ఎ లైసెన్సు ఉంది, లోపలి టైర్లకు గాలి కూడా సరిగ్గా ఉంటుంది, ఆయన ఆదివారం ఆదివారం చూసుకుంటాడు. "ఎక్కడున్నారు?" అంటాడు. "దార్లోనే, సిల్వర్‌థార్న్ దగ్గర, మిమ్మల్ని తలుచుకుంటున్నాం" అనండి. ఫ్రిస్కో నుంచి ఎనిమిది వందల మైళ్ళ పైమాట. ఆయన వచ్చేదాకా సీటు వెనక్కి వాల్చి పడుకోండి. మామగారిని చూడండి, కప్పులో కాఫీ ఒక్క చుక్క ఒలకలేదు.